మార్కులను నిలువుగా చదివితే

ఏప్రిల్‌లో సమ్మేటివ్ పేపర్లు దిద్ది, ప్రోగ్రెస్ కార్డులు నింపేసరికి టీచర్లకు ఊపిరి సలపదు. ఏడాదిగా తమ బోధన ఎలా సాగిందో చూసుకునే తీరిక ఎక్కడిది? అయినా అందుకు కావలసిన సాక్ష్యమంతా అప్పుడు బల్లమీదే ఉంటుంది. పిల్లల జవాబు పత్రాలే ఆ సాక్ష్యం.

మార్కుల రిజిస్టర్‌లో ఒక్కో పిల్లవాడికి ఒక్కో వరుస. అడ్డంగా చదివితే ఎవరికెంత వచ్చిందో తెలుస్తుంది. ప్రశ్నలవారీగా మార్కులు వేసుకుని నిలువుగా చదివితే ఏ పాఠం తరగతికి అందలేదో తెలుస్తుంది. ఒక ప్రశ్నకు నలుగురైదుగురు తప్పు రాస్తే ఆ పిల్లలతో విడిగా కూర్చోవాలి. సగం తరగతి ఒకే రకంగా తప్పు రాస్తే, పాఠం చెప్పిన తీరును చూడాలి.

భిన్నాల కూడికే తీసుకుందాం. 1/2కు 1/3 కలపమంటే చాలామంది 2/5 అని రాస్తారు. లవాన్ని లవంతో, హారాన్ని హారంతో కలిపేస్తారు. దీన్ని అజాగ్రత్త అనడం అన్యాయం. పూర్ణసంఖ్యల్లో నేర్చుకున్న పద్ధతినే నమ్మకంగా ఇక్కడా వాడారు. అయితే 2/5 సగంకన్నా తక్కువ. సగానికి ఇంకొంత కలిపితే ఎలా తగ్గిందన్న సందేహం వాళ్లకు రాలేదంటే, భిన్నం ఒక పరిమాణమని ఇంకా మనసుకెక్కలేదన్నమాట. గీతకు పైనొక అంకె, కిందొక అంకె, అంతే. ఇంకో యాభై లెక్కలు చేయించినా ఇది సరికాదు. కాగితం మడిచి సగం, మూడోవంతు చూపించి, సంఖ్యారేఖపై గుర్తింపజేసి, ఆ తర్వాతే క.సా.గు.కు వెళ్లాలి. ఈ సంగతి పాఠ్య ప్రణాళికలో ఆ పాఠం పక్కనే ఇప్పుడే రాసుకోవాలి. జూన్‌లో బడి తెరిచేనాటికి ఇంత వివరంగా గుర్తుండదు.

డొనాల్డ్ షాన్ 1983లో వెలువరించిన 'ది రిఫ్లెక్టివ్ ప్రాక్టీషనర్' పుస్తకంలో, పని చేస్తూనే ఆలోచించడం గురించీ, చేశాక వెనక్కి చూసుకోవడం గురించీ రాశారు. పిల్లల ముఖాలు చూసి పాఠం మధ్యలో ఉదాహరణ మార్చడం మన టీచర్లు రోజూ చేసేదే. రెండోదానికే బడి సమయం కేటాయించాలి.

పిల్లలనూ అడగాలి. "పాఠాలు ఎలా ఉన్నాయి?" అంటే "బాగున్నాయి సార్" అంటారు. "ఏ పాఠం మళ్లీ చెప్పమంటారు?" అని అడిగి, పేరు లేకుండా చీటీ రాయించుకుంటే నిజం బయటపడుతుంది.

తప్పంతా తనదేననుకునే ముందు టీచరు హాజరు పట్టీ కూడా తీయాలి. పత్తి తీతల రోజుల్లో చెప్పిన పాఠమైతే సగం బెంచీలు ఖాళీగా ఉండి ఉండొచ్చు. అలాంటప్పుడు వచ్చే ఏడాది దాన్ని ముందుకు జరపొచ్చేమో ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడుకోవాలి.