మన ‘డం’, వాళ్ళ ‘ఇంగ్’

ఈస్టిండియా కంపెనీ రోజుల్లో ఎగుమతి గుడ్డలు ఉతికి చలువచేసిన రజకుల పేరే మా వాషర్‌మెన్‌పేటకు మిగిలింది. ఇంగ్లీషువాళ్ళతో ఈ పేట వ్యాపారం అంత పాతదన్నమాట. ఇప్పటికీ ఎం.సి. రోడ్డు జవుళి దుకాణాల్లో బేరం తమిళంలోనో తెలుగులోనో సాగినా, దూరపు ఊళ్ళకు వెళ్ళే ఉత్తరం మాత్రం ఇంగ్లీషులోనే!

అలాంటి ఒక ఉత్తరం, పద్దులు రాసే మన తెలుగు కుర్రాడు రాసింది, నా చేతికి వచ్చింది. పాత బాకీ తీరేదాకా సరుకు పంపబోమని చెప్పడం యజమాని ఉద్దేశం. రాసింది మాత్రం ‘వుయ్ హావ్ స్టాప్డ్ టు సెండ్ గూడ్స్’ అని. అంటే, చేస్తున్న పని ఆపుకుని మరీ సరుకు పంపుతున్నామని అర్థం! ఇక బాకీ వసూలు మాట దేవుడెరుగు.

“బాబూ, ఇదే తెలుగులో చెప్పు” అన్నాను.

“పంపడం ఆపాం.”

“‘పంపడానికి ఆగాం’ అనొచ్చుగా?”

“అది వేరే కదండీ!”

వేరేనే. ‘పంపడం ఆపాం’ అంటే ‘స్టాప్డ్ సెండింగ్’, ‘పంపడానికి ఆగాం’ అంటే ‘స్టాప్డ్ టు సెండ్’. బడిలో తుమున్నర్థకం అని చదువుకున్నదే ఈ రెండోది. మన పిల్లలకు ఇంగ్లీషు వ్యాకరణం చెప్పేటప్పుడు తెలుగును పక్కన పెట్టేస్తాం గానీ, ఇక్కడ అది చక్కని ఊతకర్ర సుమా!

‘రిమెంబర్’ చూడండి. ‘ఐ రిమెంబర్ పేయింగ్’ అంటే డబ్బు కట్టిన సంగతి గుర్తుంది. ‘ఐ రిమెంబర్డ్ టు పే’ అంటే మరిచిపోకుండా కట్టాను.

అన్నిచోట్లా ఈ ఊతం పనికిరాదు. ‘కలవడానికి ఎదురుచూస్తున్నాం’ అనే అలవాటుతో ‘లుకింగ్ ఫార్వర్డ్ టు మీట్ యూ’ అని రాసేస్తాం. అక్కడి ‘టు’ విభక్తిలాంటిది. దాని తర్వాత ‘యువర్ లెటర్’ అని నామవాచకం పెట్టినా వాక్యం నిలుస్తుంది. కాబట్టి ‘టు మీటింగ్ యూ’ అనాలి. ‘సజెస్ట్’, ‘అవాయిడ్’, ‘ఫినిష్’ తర్వాత ‘ఇంగ్’. ‘రిఫ్యూజ్’, ‘ప్రామిస్’ తర్వాత ‘టు’. ఇవి ఎక్కాల్లా వల్లెవేయాల్సిందే.

ఇంకో చిక్కు: ‘అగ్రీడ్ టు పే’ అంటే ఇస్తానని ఒప్పుకున్నాడు. ‘అడ్మిటెడ్ ఓయింగ్’ అంటే బాకీ ఉన్నానని ఒప్పుకున్నాడు. మనకు రెండూ ‘ఒప్పుకోవడమే’. బాకీ ఉత్తరంలో ఏది రాస్తున్నామో చూసుకుని సంతకం పెట్టాలి.