వశిష్ఠ ఒడ్డున కరెంటు తీగ

అమలాపురం నుంచి 216వ నంబరు జాతీయ రహదారి మీద పడమటికి బయల్దేరితే బోడసకుర్రు దగ్గర వైనతేయ గోదావరి దాటుతాం. తాటిపాక, రాజోలు, శివకోడు వెనకపడ్డాక దిండి వస్తుంది. అక్కడ కొబ్బరితోటలు పక్కకి తప్పుకుని వశిష్ఠ గోదావరి ఒక్కసారిగా కళ్లనిండా కనిపిస్తుంది. చించినాడ వంతెన దిగితే కోనసీమ అయిపోయినట్టే. ఇంకాస్త ముందుకెళితే పాలకొల్లు. క్షీరారామం గాలిగోపురం తొమ్మిది అంతస్తులు, సుమారు 120 అడుగుల ఎత్తు. ఈ ఊరి పేరు చెప్పగానే అల్లు రామలింగయ్య, దాసరి నారాయణరావు గుర్తొస్తారు. పాశ్చాత్య రాక్ పాటల్లో అంత ఆకర్షణ ఏముందో తెలుసుకోవడానికి కూడా ఈ ఊరికే రావాలంటే ఎవరైనా నవ్వుతారు. కానీ లండన్‌కి వెళ్లేకంటే ఇక్కడికొస్తేనే ఆ సంగతి సులువుగా బోధపడుతుంది.

1969 ఫిబ్రవరి 28న ఇక్కడ ఉప్పలపు శ్రీనివాస్ పుట్టాడు. ఆరేళ్ల వయసులో తండ్రి సత్యనారాయణగారి మాండొలిన్‌ని చేతిలోకి తీసుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజుకి ఆ వాయిద్యం రాదు. ఆయన పాడేవారు, పిల్లాడు విన్నది విన్నట్టు తీగ మీదకి ఎక్కించేవాడు. దాదాపు అదే రోజుల్లో, 1976లో, వాసూరావు అనే గిటారిస్టు ఆ పిల్లాడికి పాశ్చాత్య సంగీతం రుచి చూపించాడు. ఒక చెవిలో త్యాగరాజ కీర్తన, ఇంకో చెవిలో గిటారు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ, 1981 డిసెంబరు సీజన్‌లో మద్రాసు సభ, 1983లో పద్నాలుగేళ్లకే బెర్లిన్ జాజ్ ఉత్సవం.

మాండొలిన్‌కి ఒక పెద్ద లోపం ఉంది. ఎనిమిది తీగలు, రెండేసి చొప్పున నాలుగు జతలు. మీటగానే నాదం టంగుమని మోగి ఆరిపోతుంది. పాశ్చాత్యులు దాన్ని నిలపడానికి ఆపకుండా పైకీ కిందకీ మీటుతూనే ఉంటారు. గమకానికి అది చాలదు. ఒక స్వరాన్ని పట్టుకుని ఊపాలంటే ముందు ఆ స్వరం బతికుండాలి కదా! శ్రీనివాస్ జతలు తీసేసి ఒంటి తీగలు పెట్టాడు, అయిదో తీగ చేర్చాడు, వాయిద్యాన్ని కరెంటుకి తగిలించాడు. పెద్దవాళ్లు కొందరు ముక్కు విరిచారు. ఆ చిన్నపెట్టెలోంచి తోడి రాగం నిలిచి పలికాక ఆ మాట సద్దుమణిగింది.

రాక్ సంగీతం కథ కూడా నాదం ఆరిపోకూడదన్న ఈ తపన దగ్గరే మొదలవుతుంది. రాక్ అంటే గోల అనేవాళ్లతో నాకు పేచీ లేదు, గోల ఉంది. ఆ గోల ఎందుకు పుట్టిందన్నదే ఆసక్తి. ఎలక్ట్రిక్ గిటారులో తీగ కింద అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ వేల చుట్లు. ఉక్కు తీగ కదిలితే అయస్కాంత క్షేత్రం చెదురుతుంది, ఆ చెదరడమే కరెంటై ఆంప్లిఫయర్‌కి చేరుతుంది. దాని శక్తికి మించి శబ్దం తోస్తే తరంగాల కొసలు తెగిపోతాయి. స్వరం గరగరలాడుతుంది, కానీ ఆరిపోవాల్సిన నాదం అదే బలంతో నిలబడిపోతుంది. ఈ గరగర కోసం రాక్ కుర్రాళ్లు చేయని పని లేదు. 1964లో కింక్స్ బృందం గిటారిస్టు డేవ్ డేవిస్ స్పీకర్ కాగితాన్ని బ్లేడుతో కోశాడు. మరుసటేడు రోలింగ్ స్టోన్స్ ‘సాటిస్‌ఫాక్షన్’లో కీత్ రిచర్డ్స్ వాయించిన గరగర మెట్టు నిజానికి బాకాల బృందం కోసం అనుకున్నది. బాకాలు రాలేదు, గరగరే మిగిలింది, పాట ప్రపంచమంతా తిరిగింది.

నాదం గరగరలాడినప్పుడు షడ్జమం, గాంధారం, పంచమం కలిసిన పూర్తి కార్డ్ వాయిస్తే గాంధారం ముద్దకట్టుకుపోతుంది. అందుకే రాక్ గిటారిస్టులు దాన్ని వదిలేసి షడ్జమం, పంచమం మాత్రమే కలిపి మోగిస్తారు. మన తంబురా శ్రుతి ఏమిటి? అదే! దాని మీద వాళ్లు అల్లే పాటల్లో చాలావాటికి అయిదు స్వరాల మెట్లే ఆధారం. మన లెక్కలో అవి శుద్ధ ధన్యాసి స్వరాలు. సంతోషంగా ఉంటే మోహనం. డీప్ పర్పుల్ వాళ్ల ‘స్మోక్ ఆన్ ద వాటర్’ (1972) ఎత్తుగడలో శుద్ధ ధన్యాసి స్వరాలు మూడే, వాటి మధ్య ప్రతి మధ్యమం ఒకసారి తొంగిచూస్తుంది. గిటారు పట్టిన ప్రతి కుర్రాడూ మొదట నేర్చుకునేది అదే. ఇక క్వీన్ బృందం ‘వి విల్ రాక్ యు’ (1977)లో చివరిదాకా డ్రమ్ములూ లేవు, గిటారూ రాదు. రెండు సార్లు కాలు తొక్కడం, ఒకసారి చప్పట్లు. చివర్లో మోగే గిటారును బ్రియాన్ మే తండ్రితో కలిసి ఇంట్లోనే చేసుకున్నాడు. దాని మెడ ఒక పాత చలిమంట గూటి చట్రం కర్ర.

ఆరిపోని నాదం మీద మోజు ఎంత దూరం పోయిందంటే, మైకేల్ బ్రూక్ అనే కెనడా గిటారిస్టు మీటిన స్వరం ఎంతసేపైనా ఆగకుండా మోగే ‘ఇన్ఫినిట్ గిటార్’ తయారుచేశాడు. అలాంటిదొకటి యూటూ బృందంలోని గిటారిస్టు ఎడ్జ్‌కి చేరింది. 1987లో వచ్చిన ‘విత్ ఆర్ వితౌట్ యు’లో పాట వెనక పొగమంచులా పరుచుకున్న గిటారు అదే. ఆ బ్రూక్ 1995లో ‘డ్రీమ్’ ఆల్బమ్ కోసం జత కట్టింది ఎవరితోననుకున్నారు? మన పాలకొల్లు శ్రీనివాస్‌తో! రాక్ గాయకుడు పీటర్ గాబ్రియెల్ స్థాపించిన రియల్ వరల్డ్ సంస్థ దాన్ని విడుదల చేసింది. ఒకరు స్వరాన్ని నిలపడానికి యంత్రం కట్టినవాడు, ఒకరు గమకం కోసం తీగలు తీసేసినవాడు. ఇద్దరి అవసరమూ ఒక్కటే. తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ బృందం ‘రిమెంబర్ శక్తి’లో ఆయన గిటారుకు దీటుగా శ్రీనివాస్ మాండొలిన్ వాయించాడు. 2014 సెప్టెంబరు 19న, నలభై అయిదేళ్లకే వెళ్లిపోయాడు.

వంతెన ఇవతల కోనసీమలో గిటారు బతుకుతున్నది ఎక్కువగా చర్చిల్లో. రాజోలు, మలికిపురం వైపు ఆదివారం ఉదయం గిటారు, కీబోర్డు, ప్యాడ్ల మోత వినిపిస్తుంది. భక్తిలో రాక్ వాయిద్యాలు దూరాయని నొచ్చుకునేవాళ్లకి చరిత్ర వేరే చెబుతుంది. చక్ బెర్రీకి, ఎల్విస్ ప్రెస్లీకి ముందే ఎలక్ట్రిక్ గిటారు పట్టి ప్రార్థన గీతాలు పాడిన నల్లజాతి మహిళ సిస్టర్ రొసెట్టా థార్ప్. వాళ్లకి దారి చూపింది ఆమే. గిటారు చర్చిలోకి వచ్చిందనడం కంటే పుట్టింటికి తిరిగొచ్చిందనడం నయం. రాక్‌లోని ఇంకో సగం, గుండెల్లో దభీమనే ఆ తాళం, తెలియాలంటే కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి రావాలి. ప్రభను భుజాలకెత్తుకుని కౌశిక నది దాటేటప్పుడు డప్పుల మోత చెవికంటే ముందు ఛాతీకి తగులుతుంది.

రాయవరం మండలం వెదురుపాక మూలాలున్న సంగీత దర్శకుడు దేవి శ్రీ ప్రసాద్ మాండొలిన్ నేర్చుకున్నది శ్రీనివాస్ దగ్గరే. అభిమానులు ఇప్పుడాయన్ని రాక్‌స్టార్ అంటారు. వేదిక మీద ఆయన గిటారు పట్టుకుని ఎగురుతుంటే దాని వెనక సుబ్బరాజుగారి పాఠం ఒక తరం దూరంలోనే ఉందని ఎందరికి తడుతుందో.

పాలకొల్లుకి భీమవరం–నరసాపురం మార్గంలో రైలుంది. అమలాపురానికి రైలు ఇంకా రాలేదు. రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం మీదుగా బస్సులో సుమారు 65 కిలోమీటర్లు. విమానంలో వచ్చేవాళ్లు మధురపూడిలో దిగాలి. దిండిలో బసకు పర్యాటక శాఖ రిసార్టు, తిరగడానికి హౌస్‌బోట్లు ఉన్నాయి. రాత్రి అక్కడే ఉండేటట్టయితే ముందు ‘డ్రీమ్’ వినండి, తర్వాత ఈగల్స్ ‘హోటల్ కాలిఫోర్నియా’ పెట్టండి. ఆ పాట చివరి రెండు నిమిషాల్లో డాన్ ఫెల్డర్, జో వాల్ష్ గిటార్లు ముందు వంతులేసుకుని, తర్వాత జోడు కట్టి మోగుతాయి. ఇయర్‌ఫోన్లలో కాకుండా కాస్త పెద్ద స్పీకర్ మీద వింటే మంచిది.