పీసీ దానంతటదే రీస్టార్ట్ అవుతోందా? ఫార్మాట్ కొట్టే ముందు కరెంటు సంగతి చూడండి

పని మధ్యలో పీసీ రీస్టార్ట్ అయిందంటే మనవాళ్లు ముందు చేసేది విండోస్ ఫార్మాట్ కొట్టడం. కాస్త ఆగండి. స్క్రీన్ ఎలా ఆరిపోయిందో గుర్తు తెచ్చుకోండి. నీలం స్క్రీన్ మీద ఏదో కోడ్ చూపించి రీస్టార్ట్ అయితే, విండోస్‌కి తప్పు తెలిసింది, దాన్ని రాసుకునే టైం కూడా దొరికింది. అలా కాకుండా ప్లగ్ పీకినట్టు టప్పున నల్లబడి మళ్లీ లోగో వస్తే, ముందు అనుమానించాల్సింది కరెంటు, ఎస్ఎంపీఎస్, లూజు కనెక్షన్.

నెల్లూరు జిల్లా బోగోలులో మా చిన్నాన్న వాళ్ల పీసీది ఈ రెండో రకం. ఇంటెల్ 8వ తరం ఐ5తో చేయించుకున్న అసెంబుల్డ్ సిస్టమ్. చెల్లి బీటెక్ ప్రాజెక్ట్ మొత్తం అందులోనే ఉంది. షాపులో చూపిస్తే బోర్డు పోయిందన్నారట. అంత పాతదానికి కొత్త బోర్డు దొరకడం కష్టం. బోర్డు మార్చడమంటే చాలాసార్లు ప్రాసెసర్ కూడా మార్చడమే. అందుకని స్క్రూడ్రైవర్ పట్టుకోకముందే ప్రాజెక్ట్ ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. సేవ్ అవుతుండగా రీస్టార్ట్ అయితే ఆ ఫైలే పాడైపోవచ్చు. మీరూ ముందు ఈ పని చేయండి.

తర్వాత ఈవెంట్ వ్యూయర్. విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ తెరిస్తే ఎర్ర గుర్తుతో కెర్నల్ పవర్ 41 కనిపిస్తుంది. దాన్ని చూసి చాలామంది రోగం దొరికిందనుకుంటారు. అది చెప్పేది ఒక్కటే, సిస్టమ్ సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని. అసలు విషయం డీటెయిల్స్ ట్యాబ్‌లో ఉంటుంది. అక్కడ బగ్‌చెక్ కోడ్ 0 ఉంటే, చాలావరకు విండోస్‌కి ఏమీ రాసుకునే టైం దొరకలేదని అర్థం. వేరే నంబర్ ఉంటే డ్రైవర్, ర్యామ్ వైపు వెతకాలి. నీలం స్క్రీన్ కనిపించీ కనిపించకుండా పోతుంటే స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్స్‌లో 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' టిక్ తీసేయండి. ఈసారి కోడ్ స్క్రీన్ మీదే నిలబడుతుంది.

చిన్నాన్న వాళ్ల పీసీలో అన్నీ సున్నాలే. కరెంటు పోయిన టైములు వారం పాటు కాగితం మీద రాయమన్నాను. లాగ్‌తో పక్కపక్కన పెట్టి చూస్తే దాదాపు అన్నీ కలిశాయి. రెండు మాత్రం కలవలేదు.

"ఏందిరా, ఇన్వర్టర్ ఉండాది గదా, మళ్లా ఎందుకు ఆగిపోతాది?" అన్నాడు చిన్నాన్న. మంచి ప్రశ్నే. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ఒక సైకిల్‌కి 20 మిల్లీసెకన్లు. కరెంటు పోయాక ఎస్ఎంపీఎస్ తన కెపాసిటర్లలో ఉన్న చార్జ్‌తో ఫుల్ లోడ్ మీద నెట్టుకొచ్చేది సుమారు 16 మిల్లీసెకన్లు. పాతబడిన కొద్దీ అదీ తగ్గుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీకి మారడానికి అంతకన్నా ఎక్కువ టైం తీసుకుంటే ఫ్యాన్‌కీ లైటుకీ తెలియదు, పీసీ మాత్రం పడిపోతుంది. చాలా ఇన్వర్టర్ల మీద యూపీఎస్, నార్మల్ అని చిన్న స్విచ్ ఉంటుంది. వీళ్లది నార్మల్‌లో ఉంది. యూపీఎస్ మోడ్‌కి మార్చాం. అందులో మార్పిడి త్వరగా అవుతుంది, వోల్టేజ్ బాగా పడిపోయినా వెంటనే బ్యాటరీకి వెళ్తుంది. బ్యాటరీ కాస్త ఎక్కువ వాడుతుంది, అంతే. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే మాత్రం ఈ స్విచ్‌ని నమ్ముకోవద్దు, కొన్ని ఎస్ఎంపీఎస్‌లకు ఆ కరెంటే పడదు.

ఇక ఆ రెండు రీస్టార్ట్‌లు. జువ్వలదిన్నె తీరం ఈ మండలంలోదే, గాలిలో తేమా ఉప్పూ రెండూ ఉంటాయి. క్యాబినెట్ తెరిస్తే స్క్రూల మీద తుప్పు, ర్యామ్ కాంటాక్టుల మీద నల్లటి పొర. ప్లగ్ తీసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుని, ర్యామ్ బయటికి తీసి పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దాను. పొట్టు స్లాట్‌లో పడకుండా దులిపి, బోర్డుకి వచ్చే 24 పిన్ కనెక్టర్ పీకి గట్టిగా పెట్టాను. రాత్రంతా మెమ్‌టెస్ట్86 నడిపితే ఒక్క ఎర్రర్ రాలేదు. ఒక్కటి వచ్చినా ఆ ర్యామ్‌ని నమ్మకూడదు. ఎస్ఎంపీఎస్ డబ్బాని మాత్రం ఎవరూ విప్పొద్దు, ప్లగ్ తీశాక కూడా లోపల ప్రమాదకరమైన చార్జ్ మిగిలి ఉండొచ్చు.

వేడి వల్లేనని అందరూ అంటారు గానీ, ఇప్పటి ప్రాసెసర్లు వేడెక్కితే ముందు స్పీడ్ తగ్గించుకుంటాయి. మరీ మితిమీరితేనే ఆగిపోతాయి. పీసీ స్లో కాకుండా ఉన్నట్టుండి పడిపోతుంటే థర్మల్ పేస్ట్ కొనేముందు ఎస్ఎంపీఎస్‌ని చూడండి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్ల కథ వేరు. వాటిలో చాలా మోడల్స్‌లో వోల్టేజ్ సమస్య ఉందని 2024లో కంపెనీయే ఒప్పుకుంది, మైక్రోకోడ్ అప్‌డేట్లు ఇచ్చి వారంటీ రెండేళ్లు పెంచింది. మీది అదైతే బయోస్ అప్‌డేట్ చేయండి, కరెంటు పోని టైం చూసుకుని.

అన్నీ చేసినా ఆగకపోతే షాపుకే వెళ్లండి. బోర్డు పోయిందంటే, వాళ్ల దగ్గరున్న మంచి ఎస్ఎంపీఎస్ ఒకటి మీ ముందే తగిలించి ఓ గంట నడిపి చూపించమని అడగండి.