కొండచీపురు: మన హాస్టల్ తోటకు ఒక గడ్డి మొక్క

 

తోట అనగానే మనకు గులాబీ, మందారం, బంతి గుర్తుకొస్తాయి. గడ్డిని అందం కోసం పెంచుతారంటే నవ్వొస్తుంది. గడ్డి అంటే కలుపు, పీకి గట్టు మీద వేయాల్సినది అని చిన్నప్పటి నుంచి చూస్తూ వచ్చాం. కానీ మన కడుపు నింపే వరి, మక్క, జొన్న అన్నీ గడ్డి కుటుంబానివే. చెరుకూ గడ్డే. ఆదిలాబాద్ అడవుల నుంచి సిర్పూర్ కాగితం మిల్లుకు పోయిన వెదురూ గడ్డే. ఈ కుటుంబంలోని కొండజాతి మొక్క ఒకదాన్ని మన హాస్టల్ ఆవరణలో ఎలా పెంచుకోవచ్చో ఈ వ్యాసంలో వివరిస్తున్నాం. దాని పేరు కొండచీపురు.

ఏమిటీ మొక్క?

గదులు ఊడ్చే మెత్తటి పూల చీపురు మనందరికీ తెలుసు. ఆ చీపురు ఈ గడ్డి పూగుత్తే. పల్లెల్లో వాకిలి ఊడ్చే ఈత పొరక, పుల్లల పొరక మన చుట్టూ దొరికే చెట్ల నుంచి వస్తాయి. పూల చీపురు మాత్రం చాలావరకు కొండల నుంచి వస్తుంది. తెలుగు నేలలో దీనికి పేరున్న చోటు తూర్పు కనుమలు. పాడేరు, అరకు ప్రాంతాల గిరిజనులు దీన్ని కోసి కట్టలు కట్టి సంతల్లో అమ్ముతారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనే అటవీ ఉత్పత్తుల్లో కొండచీపుర్లు కూడా ఉన్నాయి. మేఘాలయలో, నేపాల్‌లో రైతులు వాలు భూముల్లో దీన్ని పంటగా వేస్తారు. దాని వేళ్ళు వానకు మట్టి కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతాయి. ఆకు పశువులకు మేత, ఎండిన కాడ పొయ్యిలోకి కట్టె.

శాస్త్రీయ నామం థైసనొలీనా లాటిఫోలియా. మొదటి మాటకు గ్రీకులో కుచ్చుల అంచున్న పైవస్త్రం అని అర్థం, రెండో మాటకు లాటిన్‌లో వెడల్పాటి ఆకు అని. ఈ ప్రజాతిలో ఇదొక్కటే జాతి. ఆకులు వెదురాకుల్లా ఉంటాయి, వాటికంటే వెడల్పు. కాడ మాత్రం వెదురులా గుల్లగా ఉండదు. దుబ్బుగా పెరిగి ఆరు నుంచి పది అడుగుల ఎత్తుకు వస్తుంది. చలికాలంలో పొడవాటి పూగుత్తులు వేసి గాలికి ఒక పక్కకు వంగి ఊగుతుంది. అమెరికా, ఆస్ట్రేలియా నర్సరీల్లో దీన్ని టైగర్ గ్రాస్ అనే పేరుతో తోటల్లో అందానికి, చాటుకు అమ్ముతారు. అక్కడ డబ్బు పెట్టి కొని ముంగిట్లో నాటుకునే మొక్కను మనం మూలన నిలబెట్టే వస్తువుగానే చూస్తున్నాం.

మనకెందుకు?

మన అమ్మలూ, నాయనమ్మలూ ఎందరో పొరక పట్టి ఇతరుల వాకిళ్ళు ఊడ్చారు. ఇతరుల పొలాల్లో కలుపు తీశారు. మట్టి గురించి, గడ్డి గురించి వాళ్ళకు తెలిసినంత మా పీజీ పుస్తకాల్లో లేదు. అయినా తమ కంటికి ఇంపుగా ఉండేందుకు ఒక మొక్క నాటుకునే జాగా గానీ, తీరిక గానీ వాళ్ళకు దొరకలేదు. మా ఇండ్లలో డిగ్రీ పట్టా తెచ్చిన మొదటివాళ్ళం మేమే. చదువుతో పాటు మాకు హాస్టల్ ఇచ్చింది కొంత ఖాళీ జాగా కూడా. ఆ జాగాను రాళ్ళకు, పిచ్చి తుమ్మకు వదిలేయొద్దు. పొరకను చూసి తలదించుకోవాల్సిన పని మనకు లేదు. అది ఏ మొక్కో తెలుసుకుని, మన చేత్తో నాటి, పూసినప్పుడు చూసి సంతోషించే హక్కు మనకుంది.

చోటు, మట్టి

ఇది చల్లటి కొండల మొక్క. కరీంనగర్, ఆదిలాబాద్ మే నెల ఎండ దీనికి కష్టం. అందుకని పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోటు వెతకాలి. గోడకు తూర్పు పక్క గానీ, వేపచెట్టు వారగా గానీ బాగుంటుంది. నీళ్ళు నిలవకూడదు. కరీంనగర్ వైపు ఎర్ర చెల్క నేలల్లో నీరు తొందరగా ఇంకుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. ఆదిలాబాద్ నల్లరేగడిలో నీరు నిలిచి వేరు కుళ్ళుతుంది. అక్కడ మట్టిని అడుగు ఎత్తు దిబ్బగా పోసి, ఇసుక, మాగిన పెంట కలిపి దాని మీద నాటాలి.

నాటే పద్ధతి

జూన్ నెలాఖరులో, జూలైలో నాలుగు మంచి వానలు పడ్డాక నాటాలి. విత్తనం చాలా సన్నం, దాన్నుంచి మొక్క తీయడం ఓపిక పని. దుబ్బు విడదీసి నాటడం తేలిక. రెండు మూడు పిలకలు, వాటి వేళ్ళు ఉన్న ముక్క తీసుకోవాలి. ఆకులను అడుగు వరకు కత్తిరిస్తే తేమ తక్కువ పోతుంది. అడుగున్నర గుంత తవ్వి, గంపెడు పెంట వేసి, పిలక ఇంతకుముందు ఎంత లోతున ఉందో అంతే లోతున పెట్టి మట్టి అదమాలి. దుబ్బుకూ దుబ్బుకూ మధ్య ఆరడుగులు వదలాలి. నారు నర్సరీలోనే అడగండి. అనుమతి లేకుండా అడవిలో తవ్వి తేవద్దు.

మన క్యాలెండర్, దాని క్యాలెండర్

వానాకాలం దానికి నీళ్ళు పోయనక్కర లేదు. చలికాలంలో వారానికోసారి చాలు. స్నానాల నీళ్ళు పారే కాలువను అటు మళ్ళించవచ్చు, కానీ బట్టల సోడా నీళ్ళు పోనీయొద్దు. వంటగది కూరగాయల తొక్కలు గుంతలో మాగబెట్టి ఏటా తొలకరికి ఒక గంప వేస్తే అదే ఎరువు. మొదటి ఏడాది పూత కోసం చూడొద్దు, దుబ్బు కట్టనివ్వాలి. రెండో ఏడాది నుంచి సంక్రాంతి సెలవుల అటూ ఇటూగా పూగుత్తులు కనిపిస్తాయి. పచ్చదనం పోయి లేత గోధుమరంగుకు తిరిగినప్పుడు కొడవలితో కోయాలి. చేత్తో లాగితే దుబ్బు వేరుతో సహా కదులుతుంది. మరీ ముందు కోస్తే గుత్తి వాడిపోతుంది, ఆలస్యమైతే పూత రాలిపోతుంది. కొన్ని రోజులు ఎండబెట్టి, దులిపి, కట్ట కడితే హాస్టల్ గదులకు సొంత చీపుర్లు వస్తాయి.

అసలు చిక్కు వేసవి సెలవుల్లో. ఏప్రిల్ చివరి వారంలో మనం వెళ్ళిపోతాం, మళ్ళీ వచ్చేది జూన్ రెండో వారంలో. హాస్టళ్ళలో తోటలు ఎండిపోయేది ఈ యాభై రోజుల్లోనే. వెళ్ళేముందు మూడు పనులు చేయాలి. ఒకటి, పాత కాడలను అరడుగు ఉంచి కోసేయాలి. రెండు, దుబ్బు చుట్టూ నాలుగు అంగుళాల మందాన వరిగడ్డి గానీ, ఎండుటాకులు గానీ పరచాలి. మూడు, అడుగున సన్నటి బెజ్జం ఉన్న మట్టికుండను దుబ్బు పక్కన మెడ దాకా పాతి, నీళ్ళు నింపి మూత పెట్టాలి. నీరు మెల్లగా వేరుకు ఊరుతుంది. వాచ్‌మన్ అన్నతోనో, కామాటి అక్కతోనో మాట్లాడి వారానికి రెండుసార్లు కుండ నింపమని అడగాలి. వాళ్ళ సాయం లేకుండా ఏ హాస్టల్ తోటా నిలవదు. మనం తిరిగొచ్చిన రోజు ముందుగా వాళ్ళను పలకరించాలి.

జాగ్రత్తలు

మేకలు, బర్రెలు దీన్ని ఇష్టంగా తింటాయి. ప్రహరీ లేని చోట తుమ్మకంప కంచె తప్పదు. గుబురు దుబ్బులో పాములు చేరవచ్చు కాబట్టి కిటికీలకు, పడుకునే గదులకు కనీసం పదిహేను అడుగుల దూరంలో నాటాలి. మొదట్లో ఎండుటాకు పేరుకోనీయొద్దు. వేసవిలో పరిచిన గడ్డిని కూడా వానలు పడగానే తీసేయాలి. కోసేటప్పుడు పొడుగు చేతుల అంగీ వేసుకోండి, ఆకు అంచు గీరుకుంటుంది.

నీడ గానీ, నీళ్ళు గానీ బొత్తిగా లేని హాస్టళ్ళవాళ్ళు వట్టివేరు పెట్టుకోవచ్చు. అది ఎండకు ఓర్చుకుంటుంది, వేరు పది అడుగుల లోతుకు పోతుంది, కాలువ గట్టు కోసుకుపోకుండా ఆపుతుంది. దాని వేళ్ళ తడికె మీద నీళ్ళు చల్లితే గదికి చల్లదనం, వాసన.

కొండచీపురు దుబ్బు నాలుగైదేళ్ళకు నడుమ భాగం ముదిరి పూత తగ్గుతుంది. అప్పుడు తొలకరిలో తవ్వి, పక్క పిలకలు విడదీసి కొత్తగా నాటాలి. అంటే ఆరో తరగతిలో చేరి నాటిన తమ్ముడో చెల్లెలో పదో తరగతికి వచ్చేసరికి ఒక దుబ్బు పది ముక్కలవుతుంది. రెండు ముక్కలు ఇక్కడే ఉంచి, మిగిలినవి పక్క ఊరి హాస్టల్‌కు ఇవ్వండి. ఒకటి ఇంటికి తీసుకుపోయి అమ్మ చేత నాటించండి.