మీకు తెలుసా? అమ్మ పాలకు అన్నీ గుర్తే!

ఆ మధ్య అమ్మకు విరేచనాలు పట్టుకున్నాయి. తగ్గిపోయాయి. ఆవిడ మరిచిపోయింది కూడా. పాలు మరిచిపోలేదు! పేగుల్లో ఆ క్రిమిని ఎదుర్కొన్న రక్షణ కణాలు రొమ్ముకు చేరతాయి. అక్కడ విరుగుడు తయారుచేసి పాలలో కలుపుతాయి! టీకా వేయించుకున్నా అంతే. 2021లో ఇజ్రాయెల్‌లో కోవిడ్ టీకా వేయించుకున్న 84 మంది బాలింతల పాలు పరీక్షించారు. రెండు వారాలకే సగానికి పైగా నమూనాల్లో యాంటీబాడీలు! సూది అమ్మకి, కాపలా బిడ్డకి!

కాన్పయ్యాక పాలు బాగా పడటానికి మామూలుగా 2, 3 రోజులు. అమ్మకు షుగరు ఉందా? ఇంకో రోజు ఆలస్యం కావచ్చు! పాల తయారీకి ఇన్సులిన్ కూడా కావాలి మరి. సరిగ్గా అప్పుడే ఇంట్లో ఎవరో ఒకరు "పాలు పడలేదు, డబ్బా పాలు పట్టండి" అంటారు. ఆగండి! మాటిమాటికీ రొమ్ము పట్టించండి. తొలిరోజు ముర్రుపాలు ఒక్కో మారుకు చెంచాడు వచ్చినా చాలు! షుగరున్న తల్లి బిడ్డకు రక్తంలో చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఆ సంగతి ఆసుపత్రిలో ముందే చెప్పాలి.

ఇది వింటే ఆశ్చర్యపోతారు! కాన్పులో రక్తం మరీ ఎక్కువ పోతే పాలు అసలే పడకపోవచ్చు! రక్తం పోయింది కాన్పులో, దెబ్బ తగిలింది తలలో! మెదడు అడుగున బఠాణీ గింజంత గ్రంథి ఉంటుంది. పాలు తయారుచెయ్యమని కబురు పంపేది అదే. రక్తం అందక అది దెబ్బతింటే కబురే ఆగిపోతుంది. హెరాల్డ్ షీహన్ అనే వైద్యుడు 1937లోనే దీన్ని వివరించాడు. అలాంటి తల్లిని "నీకు పాలే లేవు" అని దెప్పేవాళ్లను చూస్తే నాకు కడుపు మండుతుంది. ఆమెకు కావాల్సింది హార్మోన్ల పరీక్ష!

ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన మాట ఇది. మరి వాళ్ల పాలలో ఇనుము తగ్గిపోతుందా? పెద్దగా తగ్గదు! తనకు లేకపోయినా బిడ్డకు పెడుతుంది అమ్మ ఒళ్లు! ఆ తల్లికి ఐరన్ మాత్రలు ఎంత అవసరమో ఇక చెప్పాలా?

బి12 సంగతి మాత్రం పూర్తిగా వేరు! అమ్మలో తక్కువైతే పాలలోనూ తక్కువే! మాంసం, గుడ్లు ముట్టరు, పాలూ పెరుగూ అంతంతమాత్రం. అలాంటి తల్లికి పైకి ఏ బాధా కనిపించకపోవచ్చు. కొన్ని నెలలకు బయటపడేది బిడ్డలో! నవ్వు తగ్గుతుంది. చేతులు వణుకుతాయి. నిలబెట్టిన మెడ మళ్లీ వాలిపోతుంది! గర్భంతో ఉన్నప్పుడే ఒక్క రక్తపరీక్ష చేయిస్తే ముందే తెలిసిపోతుంది.

టీబీ ఉన్నా పాలివ్వొచ్చు! ఊపిరితిత్తుల టీబీ క్రిమి అంటేది దగ్గుతో, పాలతో కాదు! మామూలు టీబీ అయితే సరైన మందులు మొదలైన 2 వారాలకు అంటడం దాదాపు ఆగిపోతుంది. అప్పటిదాకా బిడ్డ విషయంలో జాగ్రత్తలు డాక్టరు చెబుతారు, మాస్కు తప్పనిసరి.

హెపటైటిస్ బి ఉన్న తల్లీ ఇవ్వొచ్చు! బిడ్డకు పుట్టిన 24 గంటల్లోపు టీకా పడాలి, డాక్టరు చెబితే ఇమ్యూనోగ్లోబులిన్ సూది కూడా.

ఇప్పుడు అసలు వింత! అమ్మ ఆరోగ్యం పాలను మారుస్తుంది సరే. పాలివ్వడం అమ్మ ఆరోగ్యాన్నే మారుస్తుంది! 30 దేశాల అధ్యయనాలను కలిపి చూసి 2002లో లెక్క తేల్చారు. పాలిచ్చిన ప్రతి 12 నెలలకూ రొమ్ము క్యాన్సర్ ముప్పు 4.3 శాతం తగ్గుతోంది! ఇద్దరు పిల్లలకు రెండేసి ఏళ్లు పాలిచ్చిన తల్లికి ఎంతవుతుందో మీరే లెక్కేయండి!