ముట్లు ఆగిన తరువాత పొడితనం – యోనిలో పెట్టుకొనే మాత్ర గురించి తెలుసుకుందాం



మా ఓ.పి.కి వచ్చే యాభై ఏళ్లు దాటిన తల్లుల్లో చాలామంది ముందు "మూత్రం మంట, సిస్టరమ్మా" అని మాత్రమే చెబుతారు. తెర వేసి, పక్కన కూర్చొని నెమ్మదిగా అడిగితే అసలు సంగతి బయటికి వస్తుంది. లోపల ఎండిపోయినట్లు ఉండటం, నడిస్తే ఒరుసుకుపోవడం, దురద, భర్తతో కలిసినప్పుడు నొప్పి. "ఈ వయసులో ఈ మాట ఎలా చెప్పుకోను?" అంటారు. ఇది సిగ్గుపడవలసిన విషయం కాదు, ఓర్చుకోవలసిందీ కాదు. దీనికి మందు ఉంది.

ఎందుకు వస్తుంది?

అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ యోని లోపలి పొరను మందంగా, తేమగా ఉంచుతుంది. ముట్లు ఆగిపోయాక ఈ హార్మోన్ బాగా తగ్గిపోతుంది. పొర పలుచబడి ఎండిపోతుంది, కొద్దిపాటి రాపిడికే చిట్లుతుంది. అక్కడ మనలను కాపాడే మంచి సూక్ష్మక్రిములు తగ్గిపోవడం వలన మూత్రంలో ఇన్ఫెక్షన్ పదే పదే వస్తుంది.

మన దేశంలో ముట్లు ఆగే వయసు సగటున 46–47 ఏళ్లు. గర్భసంచి ఆపరేషన్‌లో అండాశయాలు కూడా తీసివేస్తే ఈ బాధ చిన్న వయసులోనే మొదలవుతుంది. ఒంట్లో వేడి ఆవిర్లు చాలామందికి కొన్నేళ్లలో తగ్గిపోతాయి. పొడితనం మాత్రం మందు వాడకపోతే సాధారణంగా తగ్గదు, పెరుగుతుంది.

మాత్ర ఎలా వాడాలి?

ఇది నోటితో మింగే మాత్ర కాదు. ఈ సంగతి మేము రెండుసార్లు చెప్పి పంపుతాము. 10 మైక్రోగ్రాముల ఎస్ట్రాడయోల్ ఉన్న చిన్న మాత్ర ఇది. మొదటి 2 వారాలు రోజుకు ఒకటి, ఆ తరువాత వారానికి 2 సార్లు పెట్టుకోవాలి. ఆదివారం, బుధవారం అని రెండు రోజులు ఖాయం చేసుకుంటే మరచిపోరు.

రాత్రి పడుకొనే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. వెల్లకిలా పడుకొని మోకాళ్లు మడవండి, లేదా నిలబడి ఒక కాలు చిన్న పీట మీద పెట్టండి. మాత్రతో వచ్చే సన్నని గొట్టాన్ని నొప్పి లేనంతవరకు మెల్లగా లోపలికి పోనిచ్చి, వెనుక ఉన్న పుల్లను నొక్కితే మాత్ర లోపల జారుతుంది. ఒక రోజు మరచిపోతే గుర్తువచ్చినప్పుడు ఒకటి పెట్టుకోండి, ఒకేసారి రెండు వద్దు. మాత్ర దొరకనిచోట డాక్టరుగారు ఈస్ట్రియోల్ క్రీము వ్రాయవచ్చు. దాని కొలత వారు చెప్పినట్లే పాటించాలి.

వారం రోజులకే గుణం కనబడలేదని మానేయకండి. కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది, పూర్తి ఫలితానికి 8 నుండి 12 వారాలు పట్టవచ్చు. మందు మానేస్తే పొడితనం తిరిగి వస్తుంది.

కాగితం చూసి భయపడవచ్చునా?

ఒక తల్లి నాలుగు రోజులు వాడి, పెట్టెలోని కాగితాన్ని కొడుకు చదివి "క్యాన్సర్ అని వ్రాశారమ్మా" అనగానే మాత్రలు బీరువాలో దాచేశారు. మరల ఆరు నెలలకు అదే మంటతో వచ్చారు. ఆ భయం ఎక్కడిదో చెబుతాము.

2002లో అమెరికాలో వెలువడిన ఉమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే పెద్ద పరిశోధనలో, నోటితో మింగే హార్మోన్ల వలన రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, రక్తపు గడ్డలు కొంత పెరిగినట్లు తేలింది. ఆ హెచ్చరికనే యోనిలో పెట్టుకొనే మందుల మీదా ముద్రించారు. కానీ రెండూ ఒకటి కావు. లెక్క వేసి చూడండి. ఏడాది పొడుగునా పెట్టుకొన్నా 114 మాత్రలు, అన్నీ కలిపితే మందు 1.14 మిల్లీగ్రాములు. నోటితో మింగే 1 మిల్లీగ్రాము మాత్రలో దాదాపు అంత మందు ఒక్క రోజులోనే ఉంటుంది. యోని మాత్ర పెట్టిన చోటనే పనిచేస్తుంది, రక్తంలోకి చేరేది బహు తక్కువ. ఇటువంటి మందు వాడిన వేలాది స్త్రీలను ఏళ్ల తరబడి గమనించినప్పుడు క్యాన్సర్లు పెరిగినట్లు కనబడలేదు. 2025 నవంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ పెద్ద హెచ్చరికను తొలగించనున్నట్లు ప్రకటించింది.

ముందుగా చెప్పవలసినవారు

రొమ్ము క్యాన్సర్ వచ్చినవారు క్యాన్సర్ డాక్టరుగారిని అడగకుండా వాడరాదు. గర్భసంచి క్యాన్సర్, కాళ్లలో రక్తపు గడ్డ, పక్షవాతం, కాలేయ జబ్బు ఉన్నవారు కూడా ముందుగా చెప్పాలి. ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనబడినా, మందు వాడుతున్నా వాడకపోయినా, వెంటనే పరీక్షకు రండి. పొడితనమేలే అని ఊరుకోవద్దు. షుగరు ఉండి దురద ఎక్కువగా ఉంటే ఫంగస్ కావచ్చు, పరీక్ష చేయించుకోండి.

యోని లోపల సబ్బు, డెట్టాల్ వాడకండి. కలయిక సమయంలో నీటితో చేసిన జెల్లీ వాడుకోవచ్చు. ఈ మాత్ర వేడి ఆవిర్లకు పనిచేయదు, వాటికి వేరే వైద్యం ఉంది.

భర్తలకు ఒక మాట. మీ భార్య దూరంగా ఉంటే అది అయిష్టమని అనుకోకండి, నొప్పి కావచ్చు. అడిగి తెలుసుకొని ఆసుపత్రికి తోడు రండి. నోరు తెరచి చెప్పుకోలేని తల్లులు ఓ.పి. చీటీ ఇచ్చేటప్పుడు "సిస్టరుతో మాట్లాడాలి" అంటే చాలు. మిగిలినది మేము అడుగుతాము.