చేపుకు సూది మందు పరిష్కారం కాదు

దూడ చనిపోతే గేదె చేపడం మానేస్తుంది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పాడి రైతులకు ఇది తెలిసిన సమస్యే. అటువంటప్పుడు ఆక్సిటోసిన్ సూది మందు సులభ మార్గంగా కనిపిస్తుంది. అయితే ఈ హార్మోను పనితీరును రైతుకు వివరించడం అవసరం.

ఆక్సిటోసిన్ 9 అమైనో ఆమ్లాల హార్మోను. ఇది హైపోథాలమస్‌లో తయారై, పీయూష గ్రంథి వెనుక భాగంలో నిల్వ ఉంటుంది. దూడ కుడిచినప్పుడు నాడుల ద్వారా సంకేతం అంది, రక్తంలోకి విడుదలవుతుంది. పాల తిత్తుల చుట్టూ ఉన్న కండర కణాలు సంకోచించి పాలు దిగుతాయి. తల్లి బిడ్డకు పాలిచ్చేటప్పుడు జరిగేదీ ఇదే. పాల తయారీకి తోడ్పడే ప్రొలాక్టిన్ మాత్రం పీయూష గ్రంథి ముందు భాగం నుండి వస్తుంది. కావున ఆక్సిటోసిన్ ముఖ్యంగా ఉన్న పాలను దింపే హార్మోను.

గేదెలో పాలు అధిక భాగం తిత్తుల్లోనే ఉంటాయి. చేపు లేనిదే అవి దిగవు. భయం, నొప్పి కలిగినప్పుడు విడుదలయ్యే అడ్రినలిన్ చేపును అడ్డుకుంటుంది. రోజూ సూది వేస్తే పశువు దానికి అలవాటుపడి సహజమైన చేపు తగ్గుతుంది. పాల కోసం పశువు ఆరోగ్యానికి హాని కలిగించే సూది వేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 12వ సెక్షన్ ప్రకారం నేరం.

రోజూ ఒకే వేళకు, వీలైనంతవరకు ఒకే వ్యక్తి పాలు పితకాలి. దాణా పెట్టి, గోరువెచ్చని నీటితో పొదుగు కడిగి, మృదువుగా మర్దన చేయాలి. చేపు వచ్చాక ఆలస్యం చేయరాదు. హార్మోను ప్రభావం కొద్ది నిమిషాలే ఉంటుంది. అప్పటికీ చేపకపోతే పశువైద్యుని సంప్రదించాలి.